కడప కౌంటరు పుస్తకం

1954 జూన్ 14, సోమవారం, ఉదయం తొమ్మిదింపావుకు నేను కర్నూల్లో సైనికుల క్యాంటీన్‌లో పనికి చేరాను. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళ రెండు నెలలు. ఎస్సెస్సెల్సీ ప్యాసై, టైపు లోయరు పూర్తిచేసి ఉన్నాను. మా నాన్న యుద్ధంలో పోయిన జవాను కనుక ఆ ఉద్యోగం నాకు దొరికింది. లేకపోతే ఆ రోజుల్లో అలాంటి చోట ఆడపిల్లను కూర్చోబెట్టేవారు కాదు.

క్యాంటీన్ అంటే కాఫీ, టీలు అమ్మే చోటు కాదు. అది అంగడి. పట్టాళంలో ఉన్నవాళ్ళకు, ఉండి వచ్చినవాళ్ళకు, వాళ్ళ ఇంటివాళ్ళకు సబ్బులు, టీ పొట్లాలు, బ్లేడ్లు, డబ్బాపాలు, కంబళ్ళు, బూటు పాలిషు బజారు ధర కన్నా తక్కువకు ఇచ్చేవాళ్ళం. హంద్రి ఒడ్డుకు దగ్గరగా ఒక పొడుగాటి రేకుల షెడ్డు. ఊరు రాజధాని అయిన కొత్త, సర్కారు ఆఫీసులే డేరాల్లో నడుస్తున్నాయి కాబట్టి రేకుల కింద ఉన్న మేము అదృష్టవంతులం అనుకునేవాళ్ళం.

ఒక్కో కుటుంబానికి ఒక కార్డు. దాని మీద జవాను పేరు, నంబరు ఇంగ్లీషులో ఉంటాయి. ఇళ్ళలో పెడితే చెదలు తింటాయని, పోగొట్టుకుంటారని కార్డులన్నీ మా దగ్గరే ఉంచుకునేవాళ్ళం. మనిషి వస్తే కార్డు తీయడం, సరుకిచ్చి గుర్తు వేయడం, మళ్ళీ పెట్టెలో పెట్టడం. నేను చేరిన నాటికి కార్డులు 412. కర్నూలు వైపువి 286, కడప వైపువి 126. మగవాళ్ళు ఎక్కడో సరిహద్దుల్లో ఉండేవారు కాబట్టి 301 కార్డులకు వాళ్ళ భార్యలో, తల్లులో వచ్చేవారు.

స్టోరు చూసేది ఒక ముసలాయన. అరవై రెండేళ్ళు. కర్నూలు పాతబస్తీ సాయిబుల కుటుంబం. ఇరవై ఒక్క సంవత్సరాలు పట్టాళంలో సామాన్ల గదిలో పనిచేసి, తర్వాత ఇక్కడ పదకొండేళ్ళు. ఊళ్ళ నుండి వచ్చే ఆడవాళ్ళందరూ ఆయన్ని తాతా అనేవారు. నేనూ అలాగే పిలిచాను. ఉర్దూలో సంతకం తప్ప చదువు రాదు. ఏ కార్డు ఎవరిదో మాత్రం దాని చోటును, మరకలను బట్టి గుర్తుపట్టేవాడు. భార్య పోయింది. షెడ్డు వెనక గదిలోనే వండుకుని పడుకునేవాడు. ఒక్కతే కూతురు, కడపలో ఉంది. అల్లుడు దర్జీ.

మగవాళ్ళు సెలవు మీద వస్తే మొదట అడిగేది రమ్ము. మా జిల్లాల్లో మద్యనిషేధం ఉండేది, మా దగ్గర అది ఉండదని వాళ్ళకూ తెలుసు. అయినా అడగకుండా పోరు.

"తాతా, ఆ మూల అరలో ఏమన్నా దాచిపెట్టినావా?"

"ఉండాదప్పా. బూటు పాలిషు. తాగుతావా?"

"పట్టాళంలో ఇట్లాంటోళ్ళు ఉండబట్టే మేం సగం సచ్చినాం."

"మిగతా సగం మీ ఇంటామె చూసుకుంటాది పో."

ఇలా ఉండేది ఆయన మాట. ఆడవాళ్ళతో కూడా ఇంతే. మంగళవారాలు కోయిలకుంట్ల వైపు వాళ్ళు వచ్చేవారు. నల్లరేగడి కాళ్ళకు అంటుకుని వచ్చి, గడప దగ్గర నిలబడి కాళ్ళు రాచుకునేవారు. తాత స్టూలు మీద నుండే అడిగేవాడు.

"ఏమ్మే, యా ఊరు మీది?"

ఆమె ఊరు చెప్పేది. తాత సబ్బుపెట్టెల్లో ఊరి ప్రకారం పెట్టిన కార్డుల్లో చెయ్యి పెట్టి, ఒక మగవాడి పేరు పైకి అనేవాడు. ఆమె గబుక్కున తలెత్తేది.

"నీ తలకాయ తాతా. ఆయప్ప మా మరిది."

"మరిదా? మొన్న మీ అత్త చెప్పింది నీకు అతన్నే ఇచ్చినామని."

"మా అత్త చెప్పింటే మా అత్తనే అడుగు. ముందు కార్డు తీ, బస్సు పోతాది."

వెనకున్నవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. తాత అప్పుడు ఇంకో పేరు అనేవాడు. ఆమె తలవంచి ఊ కొట్టేది. సరుకు ఇచ్చేవాడు. రోజుకు ముప్పయి నలభై సార్లు ఇదే జరిగేది.

మా క్యాంటీన్‌కు పెద్ద ఒక రిటైరైన కెప్టెన్ గారు, ఉత్తరాదివాడు. మంచి మనిషి, పని తెలిసిన మనిషి. కడప వైపు కుటుంబాలకు రెండు నెలలకొకసారి లారీలో సరుకు తీసుకుపోయి మూడు రోజులు అమ్మి వచ్చేవాళ్ళం. ఆ లారీతో పోయేది తాతే. ఆ మూడు రాత్రులే ఆయన కూతురింట్లో అన్నం తినేది. కొత్త సంవత్సరం నుండి కడపలోనే శాశ్వతంగా ఒక కౌంటరు పెట్టాలని కెప్టెన్ గారు పైవాళ్ళకు రాసి ఒప్పించారు. ఆ సంగతి విన్న నాటి నుండి తాతకు ఒకటే ఆశ, కడప కౌంటరు తనకు ఇస్తారని.

"అల్లుడింటికి చెయ్యి చాపుకోని పోలేను అమ్మీ. జీతంతో పోతే బిడ్డ చేతి కూడు తినొచ్చు," అని నాతో అన్నాడు. తన కోసం ఇంకేదీ అడగడం నేను వినలేదు.

జులై 12, సోమవారం, కెప్టెన్ గారు నన్ను పిలిచారు. ఆయన ఇంగ్లీషులో చెప్పింది ఇది: "ఈ ముసలాయనకు తెలిసినదంతా ఆయన తలలో ఉంది. రేపు ఆయనకు జ్వరం వస్తే అంగడికి జ్వరం వస్తుంది. ఇప్పుడు ఒక చోట ఉన్నాం, రేపు రెండు చోట్ల, తర్వాత పది చోట్ల. ఆయనకు తెలిసినదంతా ఒక పుస్తకంగా రాయి. కడపలో కూర్చునే మనిషి ఆ పుస్తకం పట్టుకుని పనిచేయాలి."

నేను వచ్చి తాతకు చెప్పాను. ఆయన ముఖం విప్పారింది.

"రాయి. అడిగిందంతా చెప్తా. నాకేమొచ్చో సాబ్‌కు కాగితం మీద కనపడాల గదా. మాటలు యాడ కనపడతాయి?"

నేనూ అదే అనుకున్నాను. ఆ పుస్తకం ఆయనకు యోగ్యతాపత్రం అవుతుందని ఇద్దరం నమ్మాం.

రోజూ సాయంత్రం నాలుగు నుండి ఐదున్నర దాకా ఆయన చెప్పడం, నేను రాయడం. ఆయనకు తెలిసినవి చూసి నాకు ఆశ్చర్యం కలిగేది. మార్చి దాటితే సబ్బులు తెప్పించవద్దు అనేవాడు. బావులు అడుగంటితే తాగడానికే నీళ్ళుండవు, సబ్బు రుద్దుకుని కడుక్కునేది దేనితో. ఏ ఊళ్ళో బావి ముందు ఎండుతుందో, ఏ ఊళ్ళో వేసవిలోనూ ఊట ఉంటుందో ఊరి పేర్లతో చెప్పాడు. తొలకరి పడిన పదోరోజుకు సబ్బు లేదనకూడదు. చెనక్కాయలు పీకే నెలలో ఆడవాళ్ళ చేతికి కూలి డబ్బులు వస్తాయి, అప్పుడు వాసన సబ్బులు, మిగతా నెలల్లో బట్టల సబ్బులు.

టీ గురించి చెప్పింది ఇంకా బాగా గుర్తు. మా ఊళ్ళలో అప్పటికి టీ తాగే అలవాటు లేదు. కాబట్టి ఏ ఇంటి నుండైనా టీ పొట్లం అడిగారంటే ఆ ఇంట్లో జవాను సెలవు మీద వచ్చాడన్న మాట. అప్పుడు బ్లేడ్లు, సిగరెట్లు కూడా అడుగుతారు, సిద్ధంగా పెట్టు అన్నాడు. భార్య ఒక్కతే వచ్చి బూటు పాలిషు కొంటే మొగుడు రాబోతున్నట్టు. అత్త డబ్బాపాలు అడిగితే కోడలికి పాలు చాల్లేదు, ఆ ఇంటికి వచ్చే నెల కూడా రెండు డబ్బాలు తీసి పెట్టు, బిడ్డ బాగుందా అని మాత్రం అడగవద్దు అన్నాడు.

"ఎందుకు అడగకూడదు?"

"బిడ్డ లేకపోతే ఏం చెప్తాది? కొంటే బాగున్నట్టు. కొనకపోతే నీకే తెలుస్తాది."

అది కూడా రాశాను. నాకు రాయడంలో శ్రద్ధ ఎక్కువ. ఊరి పేర్లు అకారాది క్రమంలో పెట్టాను. నెలకొక పట్టిక గీశాను. కార్డు ఎలా తీయాలి అన్న చోట "ఊరు అడిగి, కార్డు తీసి, జవాను పేరు సరిచూసి, సరుకు ఇవ్వవలెను" అని ఒక్క వాక్యం రాశాను. అది 31వ పేజీలో మూడో పంక్తి. ఆ వాక్యం చదివి వినిపిస్తే తాత "అంతే గదా" అన్నాడు. తర్వాతి పేజీకి వెళ్ళిపోయాం.

నవంబరు 26, శుక్రవారం నాటికి పుస్తకం పూర్తయింది. 148 పేజీలు. దాన్ని కెప్టెన్ గారి కోసం ఇంగ్లీషులోకి మార్చి టైపు చేశాను. తాత ఆ కట్టను చేతుల్లోకి తీసుకుని బరువు చూశాడు.

"ఇంత తెలుసా నాకు?" అన్నాడు.

డిసెంబరు 13, సోమవారం, పదకొండు గంటలకు కెప్టెన్ గారు మా ఇద్దర్నీ పిలిచారు. ముందు పుస్తకాన్ని మెచ్చుకున్నారు. పైవాళ్ళు చూశారని, ఇలాంటిది ఇంకే కౌంటరులోనూ లేదన్నారని చెప్పారు. తర్వాత తాత వైపు తిరిగి హిందుస్తానీలో మాట్లాడారు. కొత్త నియమం ప్రకారం స్టోరు చూసేవాడికి చదవడం, రాయడం రావాలి. అరవై దాటినవారిని ఉంచకూడదు. ఇన్నాళ్ళూ ఆయన లేకపోతే పని జరగదని మినహాయింపు అడుగుతూ వచ్చారు. ఇప్పుడు పుస్తకం ఉంది కాబట్టి అలా అడగడానికి కారణం లేదు. కడపకు గోదావరి జిల్లా నుండి ఒక చదువుకున్న గుమాస్తా వస్తాడు. కర్నూలు స్టోరు నాకు ఇస్తారు. తాత 31 దాకా ఉండవచ్చు. చెబుతున్నంతసేపూ కెప్టెన్ గారు బల్ల మీది కాగితాలే చూశారు.

"అచ్ఛా సాబ్," అన్నాడు తాత. బయటికి వచ్చి, గడప దగ్గర నిలబడి ఉన్న ఆమెను చూసి, "ఏమ్మే, యా ఊరు మీది?" అని అడిగాడు.

31వ తేదీ శుక్రవారం, నమాజుకు పోయి వచ్చి, తాళంచెవులు నా బల్ల మీద పెట్టాడు. మొత్తం ఏడు. ఒక రేకు పెట్టె, ఒక చుట్టిన పరుపు ఆయన సామాను.

"నేను రాయకుండా ఉండాల్సింది తాతా," అన్నాను.

"రాయకపోతే నీ పని పోతాండె గదమ్మీ. ఒకరిది పోతే చాల్లే."

"ఎక్కడికి పోతావు?"

"యాడికి పోతా, కడపకే. అనుకున్నట్టే పోతాండా చూడు. జీతమొక్కటే లేదు."

మరుసటి వారం నుండి ఆ స్టూలు మీద నేను కూర్చున్నాను. ఆరు నెలల్లో చాలా ముఖాలు నాకు గుర్తు. ఊరు చెప్పగానే కార్డు తీసి పేరు నేనే చదివేదాన్ని, వాళ్ళు తల ఊపేవారు. తాతలా ఎగతాళి చేయడం నాకు రాదు. పని సాగిపోయింది.

1955 జనవరి 3, సోమవారం కడప కౌంటరు తెరిచారు. రైలు స్టేషనుకు దగ్గర్లో మూడు మెట్లున్న ఒక గది. గుమాస్తా నెలనెలా లెక్క పంపేవాడు. 126 కార్డుల్లో జనవరిలో సరుకు తీసుకున్నవి 94. ఫిబ్రవరిలో 61. మార్చిలో 27. వరుసగా మూడు నెలలు సరుకు తీసుకోని కార్డు రద్దవుతుందని ఒక నియమం ఉండేది. కెప్టెన్ గారు పుస్తకం తిరగేసి, సబ్బుల పట్టిక చూసి, ఏ తప్పూ కనపడక నన్ను అడిగారు. నేనూ తిరగేశాను. నాకూ కనపడలేదు.

ఏప్రిల్ 12, మంగళవారం కడప నుండి ఒక రిపోర్టు వచ్చింది. ముందు నేనే విప్పాను. అందులో సంగతి ఇది. కౌంటరుకు వచ్చే ఆడవాళ్ళలో చాలామందికి జవాను పేరు అడిగితే జవాబు రావడం లేదు. కాబట్టి వారు నిజమైన కార్డుదారులు కారని అనుమానించి 63 కార్డులు ఆపివేయడమైనది. మెట్ల మీద ఒక ముసలివాడు రోజూ కూర్చుని ఆడవాళ్ళ తరఫున పేర్లు చెబుతున్నాడు. దళారీగా కనపడుతున్నాడు. మార్చి 28న అతని సొంత కార్డు కూడా రద్దు చేసి, మళ్ళీ వస్తే పోలీసులకు అప్పగిస్తానని చెప్పి పంపివేయడమైనది.

ఆ ముసలివాడు ఎవరో నాకు వేరే చెప్పనక్కర్లేదు. కెప్టెన్ గారికి చెప్పాను. "నువ్వు వెళ్ళి చూసి రా. అవసరమైతే ఆయన్ని ఒక నెల రోజులకు పనిలో పెట్టుకునే అధికారం నాకు ఉంది," అన్నారు.

గురువారం బస్సెక్కి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా సాయంత్రానికి కడప చేరాను. మా దూరపు చుట్టాల ఇంట్లో దిగి, శుక్రవారం పొద్దున తొమ్మిదికి కౌంటరు ముందు ఆడవాళ్ళ వరుసలో చివర నిలబడ్డాను. గుమాస్తా ఎదుట కమలాపురం దగ్గరి ఊరి ఆమె. చంకలో సంచి, పాదాలకు దుమ్ము.

"పేరు చెప్పమ్మా," అన్నాడు గుమాస్తా. ముప్పయి ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, ముఖంలో అలసట.

ఆమె తన పేరు చెప్పింది.

"నీ పేరు కాదమ్మా. మీ ఆయన పేరు."

ఆమె నేల చూసింది. గోడ చూసింది. వెనక్కి తిరిగి మెట్ల వైపు చూసింది. మెట్లు ఖాళీగా ఉన్నాయి.

"ఎట్ల చెప్పేది సామీ," అంది మెల్లగా.

"చెప్పకపోతే నేనేం చేసేదమ్మా? రూలు అట్టా ఉంది."

ఆమె ఇంకొంచెం సేపు నిలబడింది. సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను చూస్తుండగానే ఆ పూట పదకొండు మంది అలా వెళ్ళిపోయారు. ఏ ఒక్కరూ గొడవ చేయలేదు.

నాకు అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. మా నాన్న పోయిన తర్వాత పింఛను ఆఫీసుకు అమ్మతో నేను పోయేదాన్ని. పేరు అని గుమాస్తా అడిగితే అమ్మ నా భుజం తట్టేది, నేను చెప్పేదాన్ని. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా అమ్మ నోట మా నాన్న పేరు నేను ఏనాడూ వినలేదు. ఇలాంటి ఇంట్లో పుట్టిన నేను 148 పేజీలు రాసి, పేరు ఎవరు పలకాలో ఒక్క మాట రాయలేదు. పొద్దు పొడుస్తుందని ఎవరూ రాయనట్టే నేనూ రాయలేదు.

గుమాస్తాకు నేనెవరో చెప్పాను. కుర్చీ వేశాడు. ఏం జరుగుతోందో చెప్పబోయాను.

"మా గోదావరి వైపు కూడా చెప్పరండి. నాకు తెలీకేం," అన్నాడు. "మొదట్లో నేనే చదివేవాణ్ణండి. జనవరిలో ఒకావిడ వేరే ఊరి పేరు చెప్పి, ఎవరిదో కార్డుకి తల ఊపి రెండు కంబళ్ళు పట్టుకుపోయింది. తర్వాత అసలావిడ వచ్చి ఏడిచింది. నేను పేరు చదివితే ఎవరైనా తల ఊపుతారు కదండీ. మీ పుస్తకంలో సరిచూడమని రాశారు. ఎట్టా సరిచూడాలో రాయలేదండి."

అతను అన్నది నిజం. తాత పదకొండేళ్ళు ఒక్కసారి కూడా మోసపోలేదు. ఎలా అని ఆలోచిస్తూ ఖాళీ మెట్ల వైపు చూస్తుంటే నాకు అర్థమైంది. తాత ముందు ఎప్పుడూ తప్పు పేరే అనేవాడు. మరిది పేరో, పక్కింటివాడి పేరో, ఊరి రెడ్డి పేరో. కార్డు నిజంగా ఆమెదైతే ఆమె తల ఊపదు. చీదరించుకుంటుంది, తిడుతుంది, నవ్వుతుంది. కానిదైతే ఊ కొడుతుంది. దాన్ని నేను ముసలాయన సరసం అనుకున్నాను. రోజుకు ముప్పయి నలభై సార్లు పక్కన కూర్చుని నవ్వి, సాయంత్రం పుస్తకంలో సబ్బుల లెక్క రాశాను.

మధ్యాహ్నం మూడింటికి తాత కూతురింటికి పోయాను. ముందు గదిలో అల్లుడి కుట్టుమిషను, వెనక వంట. తాత మిషను పక్కన నేల మీద కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతున్నాడు. సూదిలో దారం ఎక్కించడానికి మనవరాలిని పిలుస్తున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. వద్దని పక్కనే కూర్చున్నాను.

"తాతా, ముందు తప్పు పేరు అంటాంటివే, అది పరీక్షకేనా?"

"మరి దేనికనుకుంటివి?"

"ఎగతాళికి అనుకున్నా."

"ఎగతాళే. ఆడోళ్ళను నిలబెట్టి పరీక్ష చేస్తే కండ్లనీళ్ళు పెట్టుకుంటారు. దొంగలమా మేము అంటారు. నవ్వుతా అడిగితే తిట్టిపోతారు. తిట్లు మనకేమన్నా బరువా?"

"నాకు చెప్పలేదే."

"నువ్వు పక్కన్నే ఉండి నవ్వుతాంటివి గదా. తెలుసనుకుంటి."

కూతురు టీ తెచ్చి పెట్టింది. కొంతసేపటికి కెప్టెన్ గారి మాట చెప్పాను. ఒక నెల జీతానికి వచ్చి ఆ గుమాస్తాకు నేర్పమన్నారని చెప్పాను. తాత గుండీ కుట్టడం ఆపలేదు.

"ఆ పిల్లోడు చెడ్డోడు కాదు. నేను మెట్ల మీద కూర్చుంటే మొదట్లో కుర్చీ కూడా ఏసినాడు. తర్వాత ఎవరో చెప్పినారంట, నేను ఆడోళ్ళ కాడ దుడ్లు తీసుకుంటానని. అందరి ముందర అడిగినాడు. కొందరు అత్తలు, కొందరు కోడండ్లు, అందరూ నాకు తెలిసినోళ్ళే. వాళ్ళ ముందర." ఆగి దారం కొరికాడు. "ఇంక ఆ మెట్టెక్కను అమ్మీ."

"మరి వాళ్ళకెట్ల?"

"ఇప్పుడు నీకు తెలిసె గదా. రాయి. రాస్తే సరిపోతాది." తర్వాత గొంతు తగ్గించి, వంటగదిలోని కూతురికి వినపడకుండా అన్నాడు: "నాకొకటి చేసిపెట్టు. నా కార్డు మీద దళారీ అని రాసినారంట. సబ్బులు నాకొద్దు. ఆ మాట కొట్టేయించు. అల్లుడికి తెలిసింది. ఏమీ అనడు. అననందుకే నాకు కష్టంగా ఉండాది."

చేయిస్తానన్నాను.

కర్నూలు తిరిగి వచ్చి 149వ పేజీ రాశాను. ఊరు అడగాలి. ఆమెను పేరు అడగకూడదు. ముందు తప్పు పేరు మనమే అనాలి, నవ్వుతూ అనాలి. కాదంటే అప్పుడు అసలు పేరు అనాలి. ఇది నేర్పిన మనిషి ఎవరో కూడా రాశాను. టైపు ప్రతి పైకి పోయినప్పుడు ఆ చివరి పంక్తి తీసేశారు. పుస్తకాల్లో మనుషుల ప్రస్తావన ఉండకూడదట. కెప్టెన్ గారు గుమాస్తాకు ఉత్తరం రాశారు. ఆ గుమాస్తా నిజంగా మంచివాడే. రెండు నెలల్లో నేర్చుకున్నాడు. తిట్లు తినడం కూడా అలవాటు చేసుకున్నాడు. ఆ ఏడాది చివరికి కడప కౌంటరులో కొత్త కార్డులు కలుపుకుని 171 అయ్యాయి. పుస్తకం ప్రతులు ఇంకో ఆరు కౌంటర్లకు పోయాయి.

తాత కార్డు సంగతి మాత్రం తేలలేదు. రద్దు చేసిన కార్డును తిరిగి ఇవ్వాలంటే పై ఆఫీసు ఉత్తర్వు కావాలి. ఏప్రిల్ 18న కెప్టెన్ గారు రాశారు. మే 30న గుర్తుచేశారు. జులై 4న మళ్ళీ గుర్తుచేశారు. మూడుసార్లూ నేనే టైపు చేశాను. ఆగస్టు 9, మంగళవారం, తెల్లవారుజామున తాత పోయాడు. మూడు రోజుల జ్వరం అని కూతురు ఎవరిచేతో పోస్టుకార్డు ముక్క రాయించింది. సెప్టెంబరు 5, సోమవారం ఉత్తర్వు వచ్చింది. దళారీ అన్న మాట కొట్టివేసి, కార్డు తిరిగి ఇవ్వవచ్చునని ఉంది. నేను దాన్ని తీసుకుని మళ్ళీ కడప పోయాను. అల్లుడు మిషను ఆపి, రెండు చేతులతో అందుకుని, ఇంగ్లీషు చదవలేక నన్నే చదవమన్నాడు. చదివి తెలుగులో చెప్పాను. కూతురు తలుపు పక్కన నిలబడి విన్నది.

నా దగ్గరున్న కాగితాల ప్రకారం పోయినవి ఇవి. ఆపిన ఆడవాళ్ళ కార్డులు 63, తిరిగి మొదలైనవి 44, వాళ్ళు మళ్ళీ రాకపోవడం వల్ల పూర్తిగా పోయినవి 19. సరుకు లేకుండా వెనక్కి పోయిన రాకలు, గుమాస్తా చిట్టా ప్రకారం, 208. పదకొండేళ్ళ ఉద్యోగం ఒకటి. తాత కార్డు లేకుండా బతికిన రోజులు 134. తాత పోయిన నాటి నుండి లెక్కేస్తే ఉత్తర్వు ఆలస్యం 27 రోజులు.